ముందు కొనేవాళ్ళు, ఆ తర్వాతే అప్పు

(కోలార్ బంగారు గనుల ప్రాంతంలోని తెలుగు సంఘాల యువతుల కూడికలో మా బృందం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



మీరు లోపలికి వచ్చేటప్పుడు తలా ఒక కాగితం ఇచ్చాం. ఏ వ్యాపారం పెట్టాలనుకుంటున్నారు, దానికి ఏం కావాలి అని రెండు ప్రశ్నలు రాశాం. ఇప్పుడే అవన్నీ చదివాం. టైలరింగ్, బ్యూటీ పార్లర్, దోసె పిండి, కేకులు, పచ్చళ్ళు, ట్యూషన్లు, ఒకరు జిరాక్స్ అంగడి, ఇంకొకరు మేకలు. అన్నీ చేయదగ్గ పనులే. అయితే రెండో ప్రశ్నకు దాదాపు అందరూ ఒకే జవాబు రాశారు. లోను కావాలి. యాభై వేలు, లక్ష, ఒకరైతే మూడు లక్షలు. 'కొనేవాళ్ళు కావాలి' అని రాసినవాళ్ళు ముగ్గురే ముగ్గురు. అందుకే మేము తయారుచేసుకుని వచ్చిన ప్రసంగాన్ని కొంచెం పక్కన పెట్టి, ఆ ముగ్గురు రాసిన మాటతోనే మొదలుపెడుతున్నాం.

మన ఊరి సంగతి మనకు తెలిసిందే. 1880లో జాన్ టేలర్ కంపెనీ ఇక్కడ గని తవ్వడం మొదలుపెట్టింది. చిత్తూరు వైపు నుంచి మన తెలుగువాళ్ళు, ఆర్కాడు, ధర్మపురి వైపు నుంచి తమిళులు వచ్చారు. ఒక కాలంలో 30 వేలకు పైగా మనుషులు ఈ గనుల్లో పని చేశారు. 1902లోనే శివసముద్రం నుంచి ఇక్కడికి కరెంటు వచ్చింది, అప్పటికి బెంగళూరు వీధుల్లో కూడా కరెంటు దీపాలు లేవు. అంత గొప్ప ఊరు. 2001 ఫిబ్రవరి 28న గని మూతపడింది. దాంతో పాటు కూరగాయల అంగడి, బట్టల అంగడి, చీటీల మనిషి, అందరి బేరమూ పడిపోయింది. ఎందుకు? ఊరంతటి కష్టాన్ని కొనేది ఒక్క కంపెనీయే కాబట్టి. కొనేవాడు ఒక్కడే అయితే, వాడు తలుపు వేసుకున్న రోజు మనకు ఇంకో తలుపు ఉండదు. మీ అమ్మానాన్నలు, తాతలు దీన్ని పుస్తకాల్లో చదువుకోలేదు, అనుభవించారు.

ఈ మాట ఇప్పుడెందుకంటే, మీలో టైలరింగ్ అని రాసినవాళ్ళలో కొందరు 'బెంగళూరులో ఒక మేస్త్రీ పీసు వర్కు ఇస్తానన్నాడు, మిషన్లు కొనుక్కోవాలి' అని కూడా రాశారు. నాలుగు మిషన్లు అప్పు మీద కొని, ఒక్క మేస్త్రీ ఇచ్చే పని కోసం కూర్చుంటే అది వ్యాపారం కాదు. కంపెనీ మీ ఇంట్లోకి వచ్చి, దాని కరెంటు బిల్లు మీరు కడుతున్నట్టు. పీసు వర్కు తీసుకోవద్దనడం లేదు. దానితో పాటు మీ వీధిలో బ్లౌజులు, స్కూలు యూనిఫారాలు, చీర ఫాల్స్ కుట్టే పని కూడా ఉండాలి. మేస్త్రీ రెండు నెలలు పని ఇవ్వకపోయినా పొయ్యి వెలగాలి.

ఇంకో మాట ముందే చెప్పుకుందాం, లేకపోతే తర్వాత మొహమాటం అవుతుంది. అందరూ వ్యాపారం పెట్టాల్సిన పని లేదు. ఈ మధ్య ఎక్కడ యువతుల సభ పెట్టినా 'ఉద్యోగం అడిగేవాళ్ళు కాకండి, ఇచ్చేవాళ్ళు కండి' అంటున్నారు. వినడానికి బాగుంటుంది. తెల్లవారక ముందే లేచి మారికుప్పం బండి ఎక్కి, వంద కిలోమీటర్లు వెళ్ళి, రాత్రికి తిరిగొచ్చే మీ అక్కలు చేతకాక ఆ పని చేయడం లేదు. నెల జీతం, పీఎఫ్, ఈఎస్ఐ ఉన్న ఉద్యోగం చిన్నది కాదు. పీఎఫ్ సొమ్ములో యజమాని వాటాను 58 ఏళ్ళు వచ్చేదాకా తీసుకోకూడదని కేంద్రం కొత్త నియమం పెడితే, 2016 ఏప్రిల్‌లో బెంగళూరు గార్మెంట్స్ స్త్రీలు వేలాదిగా రోడ్ల మీదికి వచ్చారు. హోసూరు రోడ్డు ఆగిపోయింది. రెండు రోజుల్లో ప్రభుత్వం ఆ నియమాన్ని వెనక్కు తీసుకుంది. వాళ్ళకు నాయకులు లేరు, జెండాలు లేవు. ఆ డబ్బు ఎందుకంత ముఖ్యమో వాళ్ళకు తెలుసు. ఒక ఆడమనిషి పేరున, ఆమె ఒక్కదాని కష్టంతో పోగైన సొమ్ము అది. మీరు రెండు మూడేళ్ళు ఉద్యోగం చేసి, ఆ పని నేర్చుకుని, పీఎఫ్ సొమ్ము పెట్టుబడిగా తెచ్చుకుని వ్యాపారం మొదలుపెడితే, అప్పుతో మొదలుపెట్టినదానికన్నా నూరు పాళ్ళు మేలు. తొందరేం లేదు.

సరే, పెడదామనే అనుకున్నారు. ఏం చేయాలి?

రెండవ రాజుల గ్రంథం 4వ అధ్యాయంలో విధవరాలి కథ మీకు సండే స్కూలు నుంచీ తెలుసు. భర్త అప్పు చేసి చనిపోయాడు. అప్పులవాడు ఇద్దరు కొడుకులనూ దాసులుగా తీసుకుపోవడానికి వచ్చాడు. ఆమె ఎలీషా దగ్గరకు పోయి మొరపెట్టుకుంటే, ఆయన మొదట అడిగింది నీ ఇంట్లో ఏముంది అని. నూనె కుండ ఒకటి ఉంది. తర్వాత ఆయన అప్పు తెచ్చుకోమనే చెప్పాడు, కానీ డబ్బు కాదు, వట్టి పాత్రలు. ఇరుగుపొరుగు దగ్గర ఎన్ని దొరికితే అన్ని. చివరికి నూనె అమ్మి ముందు అప్పు తీర్చు, మిగిలినదానితో నువ్వూ నీ పిల్లలూ బతకండి అన్నాడు. అప్పు తీర్చడం ముందు, బతుకు తర్వాత. ఇందులో అద్భుతం గురించి మన పాస్టర్లు బాగా చెబుతారు, మేము దాని జోలికి పోము. మాకు నచ్చింది ఆ క్రమం. ఇంట్లో ఏముందో చూసుకోవడం, పక్కవాళ్ళను కలుపుకోవడం, అమ్మడం, తీర్చడం.

కాబట్టి అప్పుకు పోకముందు ఒక నెల రోజులు, ఇంట్లో ఉన్న గ్రైండరుతోనో, అత్త ఇచ్చిన పాత మిషనుతోనో, ఉన్నదానితో చేసి చూడండి. దోసె పిండి రాసినవాళ్ళు ఎక్కువ ఉన్నారు కాబట్టి ఆ లెక్కే వేద్దాం. ధరలు మాట వరసకు చెబుతున్నాం, మీ వీధిలో ధర మీరు వేసుకోండి.

కిలో ఇడ్లీ బియ్యం 45 రూపాయలు. పావు కిలో మినపప్పు 35. మెంతులు, ఉప్పు, కరెంటు, కవర్లు కలిపి 15. మొత్తం 95. సుమారు 3 కిలోల పిండి వస్తుంది. కిలో 50కి అమ్మితే 150. మిగిలేది 55. రోజుకు ఇలా ఐదుసార్లు రుబ్బితే 275. బాగుంది కదా? ఆగండి. 15 కిలోల్లో 2 కిలోలు అమ్ముడుపోక పులిసిపోయిందనుకోండి. వంద రూపాయలు పోయాయి. ఇక చేతిలో 175. ఇప్పుడు కొత్త గ్రైండరు, ఫ్రిజ్జు కోసం 50 వేలు అప్పు తెచ్చారనుకోండి. ఏడాదికి 24 శాతం వడ్డీ, రెండేళ్ళ గడువు అయితే నెలకు దాదాపు 2,640 రూపాయల కంతు పడుతుంది. అంటే రోజుకు దాదాపు 90. మీకు మిగిలింది 85. నాలుగు గంటలకు లేచి, నడుము పడిపోయేలా చేసినదానికి 85 రూపాయలు.

ఈ లెక్కలో మీ ప్రాణం తీస్తున్నది వడ్డీ ఒక్కటే కాదు, ఆ 2 కిలోలు కూడా. ముందురోజు సాయంత్రమే ఎవరికెంత కావాలో ఫోనులో రాయించుకుని అంతే రుబ్బితే, రోజుకు ఆ 2 కిలోల ఖర్చు, దాదాపు 63 రూపాయలు, మిగులుతుంది. మీ అప్పు కంతులో చాలా భాగం అది! అందుకే కొనేవాళ్ళు ముందు అంటున్నాం. ఇరవై ఇళ్ళ పేర్లు ఒక నోటుబుక్కులో లేకుండా ఎవరూ గ్రైండరు కొనవద్దు.

మన జిల్లాలో కొనేవాళ్ళు ఎక్కడున్నారో కూడా కొంచెం తిరిగి చూడాలి. బంగారపేట పానీపూరి తినడానికి బెంగళూరు నుంచి కార్లలో వస్తారు. నీళ్ళలా తెల్లగా కనిపించే ఆ పానీతో ఒక ఊరికే పేరొచ్చింది. ముళబాగిలు దోసె అంతే. శ్రీనివాసపుర మామిడి ఎండాకాలంలో చవగ్గా వస్తుంది, పచ్చడి, తాండ్ర పెట్టేవాళ్ళకు అదే సమయం. కోలార్ మార్కెట్లో టమాటా ఒక నెల రోడ్డు మీద పారబోస్తారు, ఇంకో నెల, 2023 జూలైలో చూశాం కదా, 15 కిలోల బాక్సు 2,000 రూపాయలు దాటింది. టమాటా మీద ఆధారపడే పచ్చడి పెట్టేవాళ్ళు చవకగా ఉన్నప్పుడే ఎండబెట్టి పెట్టుకోవాలి. నరసాపుర, వేమగల్ ఫ్యాక్టరీల దగ్గర వేలమంది అమ్మాయిలు హాస్టళ్ళలో, అద్దె గదుల్లో ఉంటున్నారు. వాళ్ళకు ఇంటి భోజనం, బట్టలు సరిచేసేవాళ్ళు కావాలి. ఇవన్నీ మీకు తెలియనివి కావు. ఒక ఆదివారం సాయంత్రం ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్ళి చూసి, అడిగి రండి.

ఇప్పుడు చెప్పబోయేది కష్టమైన సంగతి. దీన్ని దాటేసి వ్యాపారం గురించి మాట్లాడితే మీకు అబద్ధం చెప్పినట్టే అవుతుంది.

ఇలాంటిదే ఒక కూడికలో, అందరూ వెళ్ళిపోయాక, ఒక అమ్మాయి మమ్మల్ని పక్కకు పిలిచింది. "అక్కా, మా అవ్వ ఈ లైన్లలో పాయిఖానాలు ఎత్తింది. ఊరందరికీ తెలుసు. నేను పిండి రుబ్బి అమ్మితే ఎవరు కొంటారు?" అని అడిగింది. మాకు వెంటనే జవాబు రాలేదు. 'దేవుడు చూసుకుంటాడమ్మా' అనేసి వచ్చేయవచ్చు. అనలేకపోయాం.

ఈ ఊళ్ళో గనుల బంగారం ఎంత నిజమో, కంపెనీ కట్టించిన పాయిఖానాల్లో మలం ఎత్తిన మన తెలుగు దళిత కుటుంబాల బతుకూ అంత నిజం. బెజవాడ విల్సన్ గారు 1966లో ఇక్కడే, అలాంటి కుటుంబంలోనే, మన క్రైస్తవ సంఘంలోనే పుట్టారు. చదువుకుని ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజికి వెళితే, కులం చూసి అక్కడ కూడా పారిశుధ్య పనే రాశారని ఆయన చెప్పారు. 1986 నుంచి ఆయన ఉత్తరాలు రాశారు, ఫోటోలు తీశారు, అధికారులను నిలదీశారు. సఫాయి కర్మచారి ఆందోళన్ అలా పుట్టింది. 2013లో వచ్చిన చట్టం ఆ పనిని నిషేధించడమే కాదు, ఆ పని వదిలిన కుటుంబానికి వేరే జీవనోపాధి కోసం శిక్షణ, రాయితీ, తక్కువ వడ్డీ అప్పు ఇవ్వాలని 13వ సెక్షన్‌లో రాసింది. 2016లో ఆయనకు రామన్ మెగసెసే అవార్డు వచ్చింది. మనం సన్మానాలు చేశాం, ఫోటోలు దిగాం.

కానీ అప్పు ఇస్తే అంగడి పెట్టవచ్చు గానీ, అంగడిలో టీ తాగే మనిషిని చట్టం తెచ్చి కూర్చోబెట్టలేదు. ఆ పని వదిలి టీ అంగడి పెట్టుకున్న ఆడవాళ్ళ దగ్గర ఎవరూ టీ తాగక మూసేసుకున్న కథలు ఈ దేశంలో ఎన్నో ఉన్నాయి. కాబట్టి ఆ అమ్మాయి అడిగింది పిరికి ప్రశ్న కాదు, మంచి వ్యాపారస్తురాలు అడగాల్సిన మొదటి ప్రశ్న.

మేము ఆమెతో చెప్పింది రెండు మాటలు. నీ ఇల్లు తెలియని చోట, బంగారపేటలోనో, ఫ్యాక్టరీ హాస్టళ్ళ దగ్గరో అమ్మడం తప్పు కాదు. దాక్కోవడం కాదు అది, కడుపు నింపుకోవడం. ఊరి మనసు మారేదాకా నువ్వు పస్తులుండి ఎదురుచూడాల్సిన పని లేదు. రెండో మాట ఆమెకు కాదు, మాకు మేము చెప్పుకున్నది. ఈ ఊళ్ళో ఆమె చేతి పిండి మొదట కొనాల్సినవాళ్ళు ఎవరు? ఒకే పాత్రలోని ప్రభు బల్లలో పాలు పొందేవాళ్ళం కదా! మన సంఘాల్లో క్రిస్మస్ విందు, వార్షికోత్సవం, పెళ్ళిళ్ళు జరుగుతాయి. కేటరింగ్ ఎవరికి ఇస్తున్నాం? కుట్టుపని ఎవరికి ఇస్తున్నాం? మన పాస్టర్లు, పెద్దలు కొందరు ఇక్కడ ఉన్నారు కాబట్టి అడుగుతున్నాం. ఈ ఏడాది క్రిస్మస్‌కు గాయక బృందం చీరల బ్లౌజులు మన లైన్లలోని అమ్మాయిల దగ్గర కుట్టించండి. బేరమాడవద్దు, అరువు పెట్టవద్దు. 'మన పిల్లే కదా, తర్వాత ఇద్దాం' అనేది మన సంఘాల్లో పెద్ద జబ్బు. కూలివాని జీతం తెల్లారేదాకా నీ దగ్గర ఉంచుకోవద్దని లేవీయకాండం 19వ అధ్యాయం చెప్పింది మనవాళ్ళకూ వర్తిస్తుంది.

ఇక అప్పు సంగతి. కావాల్సిన రోజు వస్తుంది, కాదనం.

అప్పు ఇచ్చేవాళ్ళు ఇప్పుడు ఇంటికే వస్తున్నారు. ఐదుగురిని గుంపు చేసి, ఆధార్ తీసుకుని, మూడు రోజుల్లో డబ్బు వేస్తారు. 2009లో మన కోలార్ పట్టణంలో ఏం జరిగిందో మీ అమ్మలను అడగండి. ఒక్కో ఇంట్లో మూడు నాలుగు సంస్థల అప్పులు చేరాయి, పట్టు పని దెబ్బతింది, కట్టలేక చివరికి ముస్లిం సమాజ పెద్దలు ఎవరూ కంతులు కట్టవద్దని చెప్పేదాకా పోయింది. మరుసటి ఏడాది, 2010 అక్టోబరులో, ఆత్మహత్యల వార్తల నడుమ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మైక్రోఫైనాన్స్ మీద ఆర్డినెన్సు తెచ్చింది. 2025 ఫిబ్రవరిలో బలవంతపు వసూళ్ళ మీద కర్ణాటక కూడా తెచ్చింది. పదిహేనేళ్ళలో కథ మారలేదు.

వడ్డీ చెప్పే తీరులోనే మోసం ఉంటుంది. 'ఏడాదికి 12 శాతమేనమ్మా, ఫ్లాట్' అంటారు. 50 వేలకు రెండేళ్ళకు 12 వేలు వడ్డీ, మొత్తం 62 వేలు, నెలకు 2,583. వినడానికి తక్కువే. కానీ మీరు ప్రతి నెలా అసలు తీరుస్తూనే ఉన్నారు, వడ్డీ మాత్రం మొదటి రోజు 50 వేల మీదే వేస్తున్నారు. బ్యాంకువాళ్ళు వేసినట్టు తగ్గే బాకీ మీద లెక్కేస్తే అది దాదాపు 22 శాతం. అందుకే ఎంత శాతం అని అడగకండి. తగ్గే బాకీ మీద ఎంత, మొత్తం ఎంత కడతాను అని అడిగి, కాగితం మీద రాయించుకోండి. రిజర్వు బ్యాంకు 2022 ఏప్రిల్ నుంచి అమలు చేసిన నియమాల ప్రకారం, ఇంటి నెల ఆదాయంలో సగానికి మించి అప్పుల కంతులు ఉండకూడదు. ఉదయం 9 ముందు, సాయంత్రం 6 తర్వాత వసూలుకు ఫోను చేయకూడదు. గడువుకు ముందే తీర్చేస్తే జరిమానా లేదు. ఇవి మీ హక్కులు, వాళ్ళ దయ కాదు.

దీనికన్నా మంచి దారి మన జిల్లాలోనే పుట్టింది, చాలామందికి తెలియదు. మైరాడా సంస్థ సాయంతో ఏర్పడిన స్త్రీల సంఘాలు తమలో తాము దాచుకుని, తమలో తాము అప్పు ఇచ్చుకునేవి. 1991 చివర్లో బంగారపేట వైశ్యా బ్యాంకు శాఖ, ముదుగుళి గ్రామంలోని అలాంటి ఒక స్త్రీల సంఘానికి నేరుగా అప్పు ఇచ్చింది. దేశంలో బ్యాంకు నుంచి అలా అప్పు పొందిన మొట్టమొదటి సంఘాల్లో అది ఒకటి. మీ వీధి స్త్రీ శక్తి సంఘంలో మీ అమ్మ సభ్యురాలైతే ముందు అక్కడ అడగండి. (మనకు చర్చీ సంఘమే, ఇదీ సంఘమే. ఏ సంఘంలో డబ్బు దాచావని పాస్టరమ్మ అడిగితే కంగారుపడకండి.)

ప్రభుత్వ పథకాల్లో మన క్రైస్తవ అమ్మాయిలకు ఒక చిక్కు ఉంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం దళితుడు క్రైస్తవుడైతే ఎస్సీ కాడు. సిక్కులను 1956లో, బౌద్ధులను 1990లో చేర్చారు, మనల్ని చేర్చలేదు. ఈ అన్యాయం గురించి ఈ పత్రికలో ఎన్నోసార్లు రాసుకున్నాం. ఇప్పుడు దాని ధర రూపాయల్లో చూడండి. కర్ణాటక మహిళా అభివృద్ధి నిగమం ఉద్యోగిని పథకంలో 3 లక్షల దాకా అప్పు వస్తుంది. ఎస్సీ స్త్రీకి అందులో 50 శాతం, అంటే లక్షన్నర రాయితీ. మిగతావాళ్ళకు 30 శాతం, ఎక్కువలో ఎక్కువ 90 వేలు. ఒకే లైనులో పక్కపక్క ఇళ్ళలో, ఒకే కులంలో పుట్టిన ఇద్దరు అమ్మాయిల మధ్య, ఒకరు బాప్తిస్మం కాగితం చూపినందుకు 60 వేల తేడా. ఏ సర్టిఫికెట్ పెట్టుకోవాలో మీ ఇంట్లో మాట్లాడుకోండి, మేము ఎవరినీ తీర్పు తీర్చం.

అయితే పీఎంఈజీపీ అనే కేంద్ర పథకంలో ఈ తేడా లేదు. అక్కడ స్త్రీలు, మైనారిటీలు, ఎస్సీలు అందరూ ఒకే వరుసలో ఉంటారు. పల్లెలో 35 శాతం, పట్నంలో 25 శాతం రాయితీ, మీరు పెట్టాల్సింది 5 శాతం. ఆ రాయితీ సొమ్ము వెంటనే చేతికి రాదు, మూడేళ్ళు బ్యాంకులోనే ఉంటుంది. 'సబ్సిడీ వస్తే మిషను కొంటా' అనుకునేవాళ్ళు ఇక్కడే దెబ్బ తింటారు. జిల్లా పరిశ్రమల కేంద్రంలో అప్పటి నియమాలు అడిగి, అప్పుడే దరఖాస్తు చేయండి. ముద్రలో శిశు అప్పు 50 వేల దాకా, హామీ లేకుండా. లైను ఇంటికి పట్టా లేదని వెనక్కు పంపితే, చిన్న వ్యాపారాలకు 10 లక్షల దాకా హామీ అడగకూడదని రిజర్వు బ్యాంకు 2010లోనే చెప్పిందని గుర్తుచేయండి. గట్టిగా కాదు, నవ్వుతూనే. అయినా ఒప్పుకోకపోతే కారణం రాసి ఇవ్వమనండి. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ పూర్తిగా ఉచితం. దానికి రెండు వేలు అడిగే మనిషి మీ వీధిలో ఉంటే ఆయన పేరు మాకు చెప్పండి.

చివరిగా, చిన్నదిగా కనిపించే ఒక పెద్ద సంగతి. ఒక పల్లెలో ఒక అమ్మాయి పెట్టిన చిరుతిళ్ళ అంగడికి వెళ్ళాం. శుభ్రంగా ఉంది, బేరం బాగుంది. మేము క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి డబ్బు పంపితే, ఫోనులో వాళ్ళ అన్న పేరు వచ్చింది. 'నాకు స్మార్ట్ ఫోను లేదక్కా, అందుకే అన్న ఖాతాకు పెట్టాం' అంది. అన్న మంచివాడే. కానీ ఏడాది తర్వాత అన్న పెళ్ళయింది, ఆ ఖాతాలో డబ్బు పెళ్ళికి అయిపోయింది. ఆమె ఏడాది కష్టానికి ఒక్క రూపాయి రికార్డు కూడా ఆమె పేరున లేదు. బ్యాంకు దగ్గరకు పోతే, 'మీ ఖాతాలో లావాదేవీలేం లేవే' అన్నారు.

ఫిలిప్పీలో ఊదా రంగు బట్టలమ్మిన లూదియ గుర్తుందా? తుయతైర నుంచి వచ్చిన స్త్రీ. పౌలును, ఆయనతో ఉన్నవాళ్ళను తన ఇంటికి రమ్మని బలవంతం చేసింది. ఎవరినీ అడగాల్సిన పని లేకుండా రమ్మనగలిగింది. వ్యాపారం ఆమెది, ఇల్లు ఆమెది. కాబట్టి క్యూఆర్ కోడ్ మీ ఖాతాకే. సిమ్ మీ పేరునే. ఉద్యమ్, ఆహార రిజిస్ట్రేషన్, కరెంటు బిల్లు వీలైతే అన్నీ మీ పేరునే. దీనికి ఇంట్లో గొడవ పడమనడం లేదు. నాన్నతో, అన్నతో మొదటి రోజే చెప్పండి, ఇంటికి ఇంత ఇస్తాను, అంగడి డబ్బు అంగడిదే అని. పెళ్ళి మాటలు వచ్చినప్పుడు కూడా అబ్బాయి వైపువాళ్ళకు ముందే చెప్పండి. తర్వాత చెబితే అది గొడవ అవుతుంది, ముందు చెబితే షరతు అవుతుంది.

రోజూ లెక్క రాయండి. వచ్చింది, పోయింది, అరువు, మీరు తీసుకున్న కూలి, ఈ నాలుగు గీతలు చాలు. నాలుగోది మరిచిపోతారు, అందరూ మరిచిపోతారు. మీకు మీరు కూలి రాసుకోకపోతే, నష్టం వస్తున్న వ్యాపారం కూడా లాభంలా కనిపిస్తుంది. ఆరు నెలలు రాశాక రోజుకు మీ కూలి గార్మెంట్స్ జీతం కన్నా తక్కువ వస్తుంటే, ఆపేయండి. ఆపడం ఓటమి కాదు. అప్పు లేకుండా ఆపగలిగితే మళ్ళీ మొదలుపెట్టవచ్చు.

మేము చెప్పాల్సింది ఇంతే. ఈ మధ్యాహ్నం భోజనం మీలో ఇద్దరు వండారు, ఎనభై మందికి. కూరగాయలకు నిన్నే ఇచ్చాం, మిగతా పైకం పొద్దున వాళ్ళ చేతికే, వాళ్ళ ఖాతాలకే పంపాం. ఎంత ఖర్చయింది, ఎంత మిగిలింది అని ఒక కాగితం మీద రాసి గోడకు అంటించమన్నాం. తినేటప్పుడు వెళ్ళి చూడండి, లెక్కలో తప్పు దొరికితే చెప్పండి. తిన్నాక ప్రశ్నలు. మైకులో అడగలేనివి చీటీ మీద రాసి ఆ డబ్బాలో వేయండి, పేరు రాయనక్కర్లేదు.